చక్కెర వ్యాధి, రాచపుండు: ఒక చుట్టరికపు చరిత్ర

నిజామాబాదు జిల్లాలో బోధను, బాన్సువాడల నడుమ వర్ని అను ఊరు కలదు. 1923 నుండి 1931 వరకు మంజీరా నదిపై నిజాంసాగరు ఆనకట్ట నిర్మింపబడిన పిమ్మట ఈ ప్రాంతమునకు కాలువ నీరు వచ్చెను. నీటి వెంట వరి, చెరకు వచ్చినవి. చెరకు వెంట 1937 లో బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసెను. దాని చుట్టును లేచిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు. ఒకప్పుడు ఆసియాఖండములోకెల్ల పెద్దదని పేరు వడసిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. మా చిన్నతనమున చెరకు బండ్లు వరుస కట్టి పోవుచుండగా వెనుకనుండి గడలు లాగుకొని తిననివాడు మా ఊరి పిల్లలలో ఒక్కడును లేడు.

ఇట్టి ఊరిలో జాతీయ విజ్ఞాన దినోత్సవమునకై ఫిబ్రవరి 28 వ తేదీన హైస్కూలు పిల్లలతో మాటలాడుటకు వెళ్లితిని. తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "సార్, చెరుకు తింటే షుగరొస్తదట, షుగరొస్తే క్యాన్సరొస్తదట, నిజమేనా?" అని అడిగెను. పిల్లలు నవ్విరి. వారి ఉపాధ్యాయుడు మాత్రము నవ్వలేదు. ఆయనకు ఆరేండ్లుగా చక్కెర వ్యాధి కలదని నాకు పిదప తెలిసినది. ఆ ప్రశ్నలోని మొదటి సగము సరి కాదు. రెండవ సగము పూర్తిగా సరి కాదు, పూర్తిగా తప్పును కాదు. ఆ రెండవ సగమునకు నూటనలువది ఏండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర నడుమ ఒక తెలుగువాడు కూడ నిలిచియున్నాడు. నాడు అరగంటలో చెప్పలేకపోయినదానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందుగా ఒక మాట. మధుమేహమును చరక, సుశ్రుతులు ఎరుగుదురు. రోగి మూత్రము తీయగా ఉండుననియు, చీమలు దానికి మూగుననియు మన వైద్యులు ప్రాచీన కాలముననే గుర్తించిరి. గడ్డలను వారు అర్బుదములనిరి. కాని ఈ రెండింటికి నడుమ ముడి వేసినట్లు కానరాదు. తెలుగు పల్లెలలో మాత్రము ఒక విచిత్రము కలదు. మధుమేహ రోగికి మెడమీదను వీపుమీదను లేచి ఎంతకును మానని కురుపును పెద్దలు రాచపుండు అందురు. క్యాన్సరును కూడ రాచపుండనియే అందురు. మొదటిది సూక్ష్మజీవులు చేసిన చీముగడ్డ. రెండవది దారి తప్పిన స్వంత కణముల పెరుగుదల. ఈ రెండింటిని ఒకే మాటతో పిలుచుటవలన కలిగిన గందరగోళము ఇప్పటికిని తీరలేదు. ఈ వ్యాసములో రాచపుండనగా క్యాన్సరు మాత్రమే.

1885 లో వియన్నా నగరమున ఫ్రాయిండ్ అను వైద్యుడు క్యాన్సరు రోగుల రక్తమును పరీక్షించి, 70 మందిలో 62 మందికి చక్కెర హెచ్చుగా ఉన్నదని ప్రకటించెను. నాటి పరీక్షలు మోటువి. రక్తము కూడ చాల కావలసి యుండెడిది. ఐనను ప్రశ్న పుట్టినది. 1910 లో మేనార్డు అను గణాంక శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మరణముల లెక్కలను తీసికొని, క్యాన్సరు మరణములు ఎక్కువగా గల చోట్ల మధుమేహ మరణములును ఎక్కువగా ఉన్నవని చూపెను. 1914 లో గ్రీన్‌వుడ్, వుడ్ అను వారు ఆ లెక్కలను మరల విమర్శించి చూచిరి. వారి చర్చను నేడు చదివినను విద్యార్థులకు లాభమే. ఏలయన, రెండు సంగతులు కలిసి పెరిగినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదు. ముసలివారు ఎక్కువగా ఉన్న పట్టణములో రెండు వ్యాధులును ఎక్కువగానే ఉండును. మంచి వైద్యులున్న చోట రెండును ఎక్కువగానే బయటపడును. వానకాలములో గొడుగులును పెరుగును, కప్పల అరుపులును పెరుగును. గొడుగు చూచి కప్ప అరచుట లేదు కదా!

ఇక కథ అమెరికాలోని బోస్టను నగరమునకు మారుచున్నది.

1921 వేసవిలో కెనడాలోని టొరాంటోలో బాంటింగు, బెస్టు అను వారు కుక్కల క్లోమమునుండి ఇన్సులిను తీసిరి. 1922 జనవరి 11 న లెనార్డ్ థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి దానిని మొట్టమొదట ఎక్కించిరి. ఆ సంవత్సరము ఆగస్టులో బోస్టనులోని జోస్లిను అను వైద్యుడు తన రోగులకు ఇన్సులిను ఇచ్చుట ప్రారంభించెను. జోస్లిను కేవలము వైద్యుడు కాడు. గొప్ప చిట్టాల మనిషి. తన యొద్దకు వచ్చిన ప్రతి మధుమేహ రోగిని గూర్చి వ్రాసి ఉంచెను. వారేమైరో, దేనితో చనిపోయిరో కూడ విచారించి వ్రాసి ఉంచెను. ఈ చిట్టాలు మనకు ముందు పనికివచ్చును.

అదే సంవత్సరము అక్టోబరులో భీమవరములో పుట్టిన యువకుడొకడు అదే బోస్టనులో ఓడ దిగెను. ఆయన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12 న జన్మించిరి. సోదరులలో ఇద్దరు స్ప్రూ అను గ్రహణి వంటి వ్యాధితో మరణించిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదువునాడు ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు మారుగా తక్కువ యోగ్యతా పత్రముతో బయటికి వచ్చిరి. బోస్టనులో పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా కుదిరి, పగలు హార్వర్డులో చదివిరి. పిదప ఆటో ఫోలిన్ అను ఆచార్యుని జీవరసాయన శాఖలో చేరిరి.

ఈ ఫోలిన్ పేరు మధుమేహ చరిత్రలో చిన్నది కాదు. ఆయనయు, చైనానుండి వచ్చిన హియన్ వూ అను శిష్యుడును కలిసి 1920 ప్రాంతమున కొద్దిపాటి రక్తములోని చక్కెరను కొలుచు సులువైన పద్ధతిని కల్పించిరి. చాలకాలము ప్రపంచమందలి ఆసుపత్రులలో చక్కెర పరీక్ష అనగా ఫోలిన్ - వూ పరీక్షయే. రక్తములో చక్కెర కొలుచుటకు పేరువడసిన ఆ శాఖలోనే, ఫిస్క్ అను ఆచార్యునితో కూడి, సుబ్బారావుగారు వేరొక వస్తువును కొలుచుటకు పూనుకొనిరి. అది ఫాస్ఫరస్. రక్తము, మూత్రము, కండరముల వంటి వానిలో ఫాస్ఫరస్ ఎంత కలదో ఒక నీలిరంగు ద్వారా తెలిసికొను పద్ధతిని వారు 1925 లో ప్రకటించిరి. రంగు ఎంత చిక్కనో ఫాస్ఫరస్ అంత ఎక్కువ. నేను బి.ఎస్‌సి. విద్యార్థులచేత ఈ ప్రయోగమును చేయించునప్పుడు, ఫిస్క్ - సుబ్బారావు అను జంట పేరులోని రెండవ పేరు మన భీమవరమువారిదని చెప్పగా వారు నమ్మలేక నల్లబల్లవైపు చూతురు.

ఆ నీలిరంగు తమాషా కాదు. ప్రయోగము చేయుచుండగా రంగు క్రమముగా చిక్కనగుట వారు చూచిరి. ఏదో అస్థిరమైన ఫాస్ఫరస్ పదార్థము కరగిపోవుచు ఫాస్ఫేటును వదలుచున్నదని గ్రహించిరి. అట్లు 1927 లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది. 1929 లో ఎడినోసిన్ ట్రై ఫాస్ఫేటు, అనగా నేడు పాఠ్యపుస్తకములన్నిట ఎ.టి.పి. అని వ్రాయబడు పదార్థము, వారి కంటపడినది. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అనువాడును దానిని వేరుగా కనుగొనెను. మనము తిన్న అన్నము గ్లూకోజుగా మారి, గ్లూకోజు కణములో దహనమై, ఆ శక్తి ఎ.టి.పి. రూపమున నిలువయగును. కణమునకు ఎ.టి.పి. చేతిలోని రొక్కము వంటిది. ఖర్చు చేయగా ఫాస్ఫేటు ఊడి, ఎ.డి.పి., ఎ.ఎం.పి. అను చిల్లర మిగులును. ఈ రొక్కమును, చిల్లరను పాఠకులు గుర్తుంచుకొనవలెను. డెబ్బదియేండ్ల పిమ్మట మధుమేహము, క్యాన్సరు ఎదురుపడునది ఇక్కడనే.

సుబ్బారావుగారికి హార్వర్డులో స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. 1940 లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిరి. అచట వారి బృందము 1945 లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. పిదప దానికి ఎదురు పనిచేయు ఎమినోప్టెరిన్ మున్నగు మందులను తయారుచేసెను. వీనిని బోస్టనులోనే ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు గల పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించినదని 1948 జూనులో ప్రకటించెను. ఆ ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే మరణించిరి. ఆ మందుకు తమ్మునివంటి మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. సుబ్బారావుగారు మధుమేహమునకు, క్యాన్సరునకు ముడి వేసినవారు కారు. అట్లు వ్రాసిన అభిమానమగును గాని చరిత్ర కాదు. ఐనను ఒక చేతితో చక్కెర శక్తిని మోయు నాణెమును, మరియొక చేతితో క్యాన్సరు మందును చూపిన మనిషి వేరొకడు లేడు.

జోస్లిను చిట్టాలకు వత్తము. ఆయన సహోద్యోగి మార్బులు 1934 లో ఆ చిట్టాలనుండి క్యాన్సరు సంగతులు తీసి ప్రకటించెను. 1970 లో కెస్లరు అనువాడు జోస్లిను వైద్యశాలకు వచ్చిన 21,447 మంది రోగుల మరణములను లెక్కించెను. మధుమేహులందు క్యాన్సరు మరణములు మొత్తముమీద పెరిగినట్లు కానరాలేదు; ఒక్క క్లోమపు క్యాన్సరు మాత్రము స్పష్టముగా హెచ్చుగా నుండెను. ఆ కాలమున చాలమంది వైద్యులు ఇంతటితో ఈ చర్చ ముగిసినదనుకొనిరి.

క్లోమపు క్యాన్సరు సంగతి చెట్టు ముందా, విత్తు ముందా అనునట్టిది. ఇన్సులినును తయారుచేయునది క్లోమమే. చాలకాలముగా మధుమేహము గలవారికి ఆ క్యాన్సరు కొంత ఎక్కువగా వచ్చును. కాని కొందరిలో క్యాన్సరే ముందు వచ్చి, ఇంకను పైకి తెలియకముందే చక్కెరను పెంచును. అప్పుడు మధుమేహము కారణము కాదు. అది వార్త తెచ్చిన టపా మనిషి. అమెరికాలోని మేయో వైద్యశాలలో సురేష్ చారి అను భారత సంతతి వైద్యుడు, ఆయన సహచరులు 2005 లో దీనిని కొలిచిరి. ఏబది యేండ్లు దాటిన పిదప క్రొత్తగా మధుమేహము వచ్చిన 2,122 మందిలో 18 మందికి మూడేండ్లలోపల క్లోమపు క్యాన్సరు బయటపడినది. అనగా నూటికి ఒకరు కూడ కాదు. కాని సాధారణ జనములో రావలసినదానికి ఇది ఇంచుమించు ఎనిమిది రెట్లు.

ఈ లెక్కను నేను మొదటిసారి చదివిననాడు పుస్తకము మూసివేసితిని. మా పెద్దనాయనకు అరువది రెండవ యేట చక్కెర వ్యాధి వచ్చెను. మా వంశములో అంతకుముందు ఎవరికిని లేదు. ఆయన లావుపాటి మనిషియును కాడు. ఆరు నెలలలో బట్టలు వదులైనవి. "షుగరొస్తె సన్నబడ్తరు, అంతే" అని ఆయనయే అందరికి చెప్పెడివాడు, మేమును నమ్మితిమి. మందులు మార్చిరి, అన్నము తగ్గించి జొన్నరొట్టె పెట్టిరి. కన్నులు పసుపుపచ్చబడిన పిమ్మటనే హైదరాబాదు తీసికొనిపోయితిమి. క్లోమపు క్యాన్సరు ముందుగా తెలిసినను చాలమందిలో లొంగనిది గనుక, ఆరు నెలలు ముందు వెళ్లియుండిన బ్రతికెడివాడని నేను చెప్పజాలను. కాని పెద్ద వయసున, కుటుంబములో లేని మధుమేహము, కారణము లేని బరువు తగ్గుదల కలిసి వచ్చినప్పుడు ఆ రెండింటిని కలిపి వైద్యునికి చెప్పవలెనని మాకు తెలియదు. మేము చక్కెర సంగతి ఒకచోట, బరువు సంగతి మరొకచోట చెప్పితిమి.

క్లోమమును విడిచి తక్కిన అవయవముల సంగతికి వత్తము. ఇచ్చట తాళపుచెవి ఇన్సులినే. 1936 లో ఇంగ్లండులో హిమ్స్‌వర్తు అను వైద్యుడు మధుమేహులందరు ఒక్క తీరువారు కారని చూపెను. కొందరికి ఇన్సులిను ఇచ్చినంతనే చక్కెర దిగును. కొందరికి అంతగా దిగదు. రెండవవారి శరీరము ఇన్సులిను మాట వినుట లేదు. 1960 లో యాలో, బెర్సన్ అను వారు రక్తములోని ఇన్సులినును సూక్ష్మముగా కొలుచు పద్ధతిని కనిపెట్టిన పిదప అసలు సంగతి తేటపడినది. పెద్దవయసున వచ్చు మధుమేహములో చాలమందికి ఇన్సులిను లేకపోవుట కాదు, మొదట చాల సంవత్సరములు అది ఎక్కువగా ఉండును. మాట వినని శరీరమునకు క్లోమము మరింత గట్టిగా అరచి చెప్పుచున్నదన్నమాట. దీనినే నేడు రెండవ రకము మధుమేహమందురు. చిన్నతనముననే ఇన్సులిను ఎండిపోవునది మొదటి రకము. పాత లెక్కలలో ఈ రెండు రకములును కలిసిపోవుటయు ఫలితములు అస్పష్టమగుటకు ఒక కారణము.

ఇన్సులిను అనగా చక్కెరను దించు హార్మోనని మనము బడిలో నేర్చుకొందుము. అది దాని పనులలో ఒకటి మాత్రమే. "తిండి వచ్చినది, పెరుగుము" అని కణమునకు చెప్పుటయు దాని పనియే. కాలేయము, కండరములు చక్కెర విషయములో చెవిటివైనను, పెరుగుదల విషయములో తక్కిన కణముల చెవులు చక్కగా పనిచేయుచుండవచ్చును. చెవిటివాని కొరకు అరచిన అరుపు ప్రక్కింటివానికి వినిపించినట్లు, రొమ్ము, పెద్దప్రేగు, గర్భాశయపు లోపొర మున్నగు చోట్ల కణములకు ఏండ్ల తరబడి పెరుగుము, పెరుగుము అను ఆజ్ఞ అందుచుండును. అప్పటికే దారి తప్పిన కణమొకటి అచట ఉన్నచో దానికి ఇది ఎరువగును. లావు, ఒంటిలోని నిత్యమైన మంట, కాలేయములోని క్రొవ్వు కూడ దీనికి తోడగును.

ఆ ఆజ్ఞ కణములోపలికి ఎట్లు పోవును? ఇక్కడ మరల ఫాస్ఫరస్ వచ్చును. 1982 లో బోస్టనులోని జోస్లిను సంస్థలోనే కసూగా, కార్ల్‌సన్, కాన్ అను శాస్త్రజ్ఞులు, ఇన్సులిను తగిలినంతనే దాని గ్రాహకము తనకు తానే ఫాస్ఫేటును తగిలించుకొనునని చూపిరి. ఆ ఫాస్ఫేటు వచ్చునది ఎ.టి.పి. నుండియే. అంతకు కొంచెము ముందే, 1980 ప్రాంతమున, కొన్ని క్యాన్సరు జన్యువులు తయారుచేయు ప్రోటీనులు సరిగా ఇదే విధమున ఫాస్ఫేట్లు తగిలించునవియని తెలిసినది. మధుమేహమును చదువువారు ఒక ద్వారముగుండా, క్యాన్సరును చదువువారు మరియొక ద్వారముగుండా పోయి ఒకే గదిలో కలిసికొనిరి. ఆ గదిలో ముఖ్యమైనది కాంట్లే మున్నగువారు 1980 - 90 ల నడుమ వెలికితీసిన పి.ఐ. 3 - కైనేజు అను ఎంజైము. ఇన్సులిను సందేశమును లోపలికి చేర్చునది ఇదే. 2004 లో ఈ ఎంజైము జన్యువే అనేక క్యాన్సర్లలో చెడియుండునని తెలిసెను.

ఈ చుట్టరికమునకు నాకు అన్నింటికంటె బలమైన సాక్ష్యముగా తోచునది 2019 లో అమెరికాలో అనుమతి పొందిన ఆల్పెలిసిబ్ అను మందు. అది రొమ్ము క్యాన్సరులో చెడిన ఆ ఎంజైమును అడ్డగించును. అడ్డగించినంతనే చాలమంది రోగులకు రక్తములో చక్కెర పెరుగును! క్యాన్సరు తాడును లాగిన మధుమేహపు గంట మ్రోగుచున్నది. పెరిగిన చక్కెరకు సమాధానముగా క్లోమము ఇన్సులినును పెంచును. ఆ ఇన్సులిను మరల గడ్డకు బలమిచ్చి మందు పనిని కొంత చెరుపునని 2018 లో ఎలుకలపై చేసిన ప్రయోగములలో కాంట్లే బృందము చూపెను.

చక్కెర తినినచో గడ్డ పెరుగునను మాటను గూర్చి కొంచెము చెప్పవలెను. జర్మనీలో వార్‌బుర్గు 1920 ల లోనే క్యాన్సరు కణములు గ్లూకోజును విపరీతముగా మ్రింగునని చూపెను. పెట్ స్కాను ఈ తిండిపోతుతనము పైననే ఆధారపడినది. రేడియో ధార్మికత గల గ్లూకోజువంటి పదార్థమును ఎక్కించి, అది ఎక్కడ కుప్పపడినదో చూతురు. ఇది విని కొందరు రోగికి తీపియే కాక అన్నము కూడ మాన్పింతురు. కాని తిండి మానినను శరీరము కాలేయమునుండి గ్లూకోజును తయారుచేసి రక్తములో నిలుపును. క్యాన్సరు కణము తన వాటాను ఎట్లైనను తీసికొనును. ఎండిపోవునది రోగి కండ మాత్రమే. చెరకు గడ నేరుగా క్యాన్సరును కలిగించునని చెప్పుటకు ఆధారము లేదు. అవసరమునకు మించిన తిండి, కూర్చున్న చోటు కదలని బ్రతుకు, దానివలన లావు, లావువలన ఇన్సులిను మాట వినని శరీరము - ఇట్లు చుట్టు తిరిగిన దారి కలదు. ఆ దారిలో చెరకు రసమునకు చోటు లేదనలేము, అన్నమునకును లేదనలేము.

2010 లో అమెరికా మధుమేహ సంఘము, అమెరికా క్యాన్సరు సంఘము కలిసి అంతవరకు తెలిసినదానిని క్రోడీకరించినవి. రెండవ రకము మధుమేహము గలవారికి కాలేయము, క్లోమము, గర్భాశయపు లోపొర క్యాన్సర్లు ఇంచుమించు రెండింతలు. పెద్దప్రేగు, రొమ్ము, మూత్రాశయపు క్యాన్సర్లు 1.2 నుండి 1.5 రెట్లు. ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు మాత్రము తక్కువ. 2011 లో 97 అధ్యయనములలోని 8,20,900 మంది వివరములను కలిపి చూడగా, మధుమేహులకు క్యాన్సరుతో మరణించు ప్రమాదము తక్కినవారికంటె నూటికి 25 వంతులు ఎక్కువయని తేలెను. ఈ 25 ను విద్యార్థులు తప్పుగా చదువుదురు. నూరుగురు మధుమేహులలో 25 మందికి క్యాన్సరు వచ్చునని దీని అర్థము కాదు. మాటవరుసకు ఒక వయసు గల నూరుగురిలో నలుగురు క్యాన్సరుతో మరణింతురనుకొందము. మధుమేహులలో ఆ నలుగురు అయిదుగురగుదురు. ఒక్కరికి భయపడవలసిన పెద్ద తేడా కాదు. కాని 2023 లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారము మన దేశమున 10.1 కోట్ల మంది మధుమేహులు కలరు. అన్ని కోట్లమీద నూటికొకరు అన్నను అది చిన్న సంఖ్య కాదు.

మందుల విషయములో చరిత్ర అంత గౌరవముగా నడువలేదు. 2009 లో గ్లార్జిన్ అను ఇన్సులిను క్యాన్సరును పెంచునేమోనని కొన్ని వ్యాసములు వెలువడి రోగులను భయపెట్టినవి. 12,537 మందిపై ఆరేండ్లకు పైగా జరిగిన పరీక్ష ఫలితము 2012 లో వచ్చెను. క్యాన్సరులో ఏ తేడాయు లేదు. ఇన్సులిను అవసరమైనవారు క్యాన్సరు భయముతో దానిని మానుట ప్రాణాపాయము. పియోగ్లిటజోన్ అను మాత్రను మూత్రాశయపు క్యాన్సరు అనుమానముపై భారత ప్రభుత్వము 2013 జూనులో నిలిపి, జూలై చివర హెచ్చరికతో మరల అనుమతించెను. ఆ నెలన్నరలో ఏ మాత్ర మింగవలెనో, ఏది మానవలెనో తెలియక ఎందరు తికమకపడిరో!

మెట్‌ఫార్మిన్ కథ ఇంకను ఆసక్తికరము. ఐరోపాలోని ఒక పచ్చిక మొక్కలోని పదార్థమునుండి పుట్టిన ఈ మందును 1957 లో ఫ్రాన్సులో స్టెర్న్ అను వైద్యుడు మధుమేహమునకు వాడెను. మన పల్లె దుకాణములలో సైతము దొరకు ఆ తెల్ల మాత్రయే ఇది. ఇది కణములోని శక్తి తయారీని కొంచెము మందగింపజేయును. అప్పుడు ఎ.టి.పి. తగ్గి ఎ.ఎం.పి. పెరుగును. రొక్కము తరిగి చిల్లర మిగులుటను కనిపెట్టు కావలివాడొకడు కణములో కలడు. వాని పేరు ఎ.ఎం.పి. కైనేజు. అతడు మేల్కొని, "చేతిలో డబ్బు లేదు, పెరుగుదల ఆపుడు" అని ఆజ్ఞాపించును. 2003 లో స్కాట్లండులోని డండీలో పరిశోధకులు ఈ కావలివానిని లేపునది ఎల్.కె.బి. 1 అను ప్రోటీను అని కనుగొనిరి. ఆ ప్రోటీను అంతకుముందే క్యాన్సరును అణచు ప్రోటీనుగా తెలిసినది! భీమవరపు మనిషి 1929 లో చూచిన అణువు చుట్టు మధుమేహపు మందును, క్యాన్సరు కాపలాయును ఇట్లు కలిసికొన్నవి.

వెంటనే డండీవారు తమ జిల్లా మధుమేహుల చిట్టాలు తిరుగవేసి, మెట్‌ఫార్మిన్ వాడినవారిలో క్యాన్సరు అయిదవ వంతు తక్కువగా ఉన్నదని 2005 లో ప్రకటించిరి. పిదప అట్టి వ్యాసములు కుప్పలుగా వచ్చినవి. కొన్నిటిలోని లాభము నమ్మశక్యము కానంత గొప్పది. అందులో ఒక మోసము దాగియుండెను. ఉపాధ్యాయులకు సులువుగా తెలియు ఉదాహరణ చెప్పెదను. ప్రధానోపాధ్యాయులైనవారు సగటున తక్కిన ఉపాధ్యాయులకంటె ఎక్కువకాలము జీవింతురని ఒకడు లెక్క తీసెననుకొనుడు. ఆ కుర్చీ ఎక్కుటకే ఏబది యేండ్లు బ్రతికియుండవలెను కదా! చిన్న వయసున పోయినవారందరు "తక్కినవారి" ఖాతాలో పడిరి. ఆయుష్షును ఇచ్చినది కుర్చీ కాదు. అదే విధముగా, చాల ఏండ్లు మందు వాడినవారనగా అన్ని ఏండ్లు బ్రతికియున్నవారే. ఈ తప్పును సరిచేయగా లాభము చాలవరకు కరగినది. చివరకు చీటీలు వేసి మందు పంచిన పెద్ద పరీక్ష ఫలితము 2022 లో వచ్చినది. రొమ్ము క్యాన్సరు గల 3,649 మందిలో కొందరికి అయిదేండ్లు మెట్‌ఫార్మిన్, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చిరి. ముఖ్యముగా పరీక్షింపదలచినవారిలో ఏ లాభమును కానరాలేదు. అంత చక్కని సిద్ధాంతము, అంత స్పష్టమైన అణువుల మార్గము ఉండియు ఫలితము రాకపోవుట నాకు వ్యక్తిగతముగా నిరాశ కలిగించినది. చక్కెరకై ఆ మాత్ర వాడువారు వాడుచునే ఉండవలెను. క్యాన్సరు రాకుండుటకై ఇతరులు కొని మింగుటకు మాత్రము ఆధారము లేదు.

2010 లో మన కేంద్ర ప్రభుత్వము క్యాన్సరు, మధుమేహము, గుండెజబ్బు, పక్షవాతములకు కలిపి ఒకే జాతీయ కార్యక్రమమును ప్రారంభించెను. 2023 లో దాని పేరు మారినది గాని పని అదే. ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర, నోటి క్యాన్సరు, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ల పరీక్ష చేయవలెనని అందులో కలదు. విజ్ఞాన దినోత్సవము ముగిసి నేను ఇంటికి వచ్చుసరికి ఆశా కార్యకర్త మా అరుగుమీద కూర్చుండి మా పెద్దమ్మ వివరములు వ్రాసికొనుచుండెను. చేతిలోని కాగితముపై ముందు చక్కెరను గూర్చిన ప్రశ్న, దాని క్రిందనే మానని పుండును గూర్చిన ప్రశ్న, ఆ క్రింద గడ్డలను గూర్చినది. ఆమె మూడింటిని వరుసగా అడిగెను. మా పెద్దమ్మ మొదటిదానికి వెంటనే జవాబు చెప్పినది. మూడవది అడుగగా, "అయ్యో బిడ్డా, షుగరుకూ దానికీ ఏమి సంబంధము?" అన్నది. ఆమె నావైపు చూచెను. నేను చెప్పుల్ విడిచి అరుగుమీద కూర్చుంటిని.